రెండు సెకన్ల ఓరిన్

బల్ల మీద రెండు అట్టలున్నాయి. బిల్లుకు అనుకూలంగా మాట్లాడేవాళ్ళు ఆకుపచ్చ అట్టకు బిగించిన కాగితం మీద, వ్యతిరేకంగా మాట్లాడేవాళ్ళు ఎర్ర అట్టకు బిగించిన కాగితం మీద సంతకం చేయాలి. తొమ్మిది కొట్టగానే రెండూ మూసేస్తారు. ఓరిన్ లుండీన్ ఆ బల్ల దగ్గరికి ఎనిమిదీ యాభై ఏడుకి చేరాడు. ఓట్స్ ఫెర్రీ నుంచి రాజధానికి మూడు గంటల దారి. కనుమలో మంచు తీసే బండి వెనక నలభై నిమిషాలు పోయాయి.

బల్ల వెనక వెర్నా కూర్చుని ఉంది. శాసనసభలో ఈ కమిటీకి ఆమే గుమాస్తా. ఓరిన్ ఇరవై రెండేళ్ళుగా తుపాకుల బిల్లు వచ్చినప్పుడల్లా ఇక్కడికి వస్తున్నాడు. ప్రతిసారీ ఆమే ఉంటుంది.

"అమ్మయ్య, వచ్చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే మూసేసేదాన్ని," అంటూ అట్ట అందించింది. "ఇంట్లో మార్లిస్ గారెలా ఉన్నారు?"

"ఉంది," అన్నాడు ఓరిన్. పేరు రాశాడు, ఊరు రాశాడు, సంతకం పెట్టాడు. వరస సంఖ్య 38. పెన్ను తిరిగి ఇచ్చి, కోటు మీది మంచు దులుపుకుని లోపలికి వెళ్ళాడు.

అది ఎర్ర అట్ట.

ఆ సంగతి అతనికి పది నిమిషాల తర్వాత తెలిసింది. మూడో వరసలో కూర్చుని, జేబులోంచి రాసుకున్న కార్డు తీసి చూసుకుంటున్నాడు. డెల్ స్ట్రౌడ్ వచ్చి పక్కన కూలబడ్డాడు. డెల్‌కు అరవై ఎనిమిది, ఓరిన్ కన్నా రెండేళ్ళు పెద్ద. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ నవంబరులో కలిసి జింకల వేటకు వెళ్తున్నారు. తుపాకీ యజమానుల సంఘంలో ఇద్దరూ మొదటి నుంచీ సభ్యులు.

"నీ పేరు మా కాగితం మీద చూశానురా," అన్నాడు డెల్. "ప్రాణం లేచొచ్చింది. నువ్వు అటు పోయావని అందరూ అంటుంటే, పోడు, నాకు తెలుసు వాడి సంగతి అని నేనొక్కణ్ణే వాదించా."

"ఏ కాగితం?"

"ఏ కాగితమేంట్రా. ఎర్రదే."

ఓరిన్ లేచి బయటికి నడిచాడు.

వెర్నా రెండు కాగితాలకూ అడుగున ముద్ర వేసి, సమయం రాసి, అప్పుడే కవరులో పెడుతోంది.

"వెర్నా, పొరపాటైంది. నా పేరు పచ్చదాంట్లో ఉండాలి."

ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుని అతని ముఖం చూసింది. "పచ్చదాంట్లోనా? మీరా?"

"నేనే. నువ్విచ్చావు, నేను చూసుకోకుండా పెట్టేశాను."

"నేనివ్వడమేమిటి..." అని ఆగింది. తనే ఇచ్చింది. అడగకుండానే ఇచ్చింది. ఆ మాట ఇద్దరికీ తెలుసు. "మూసేశానండీ. తొమ్మిదీ పదైంది."

"ఒక్క గీత కొట్టడమే కదా."

"కొట్టివేత ఉంటే జాబితా మొత్తం చెల్లదు. మీ వెనక ఇంకో ఇద్దరు, ముందు ముప్ఫై ఏడుగురు, అందరూ పోతారు. ఒక మనిషి రెండు జాబితాల్లో ఉండకూడదు, పెట్టిన సంతకం మార్చకూడదు. పదకొండేళ్ళ కిందట వచ్చిన నియమమిది." కాస్త ఆగి, మెల్లగా అంది. "మీ సంఘం అడిగితేనే పెట్టారు కదండీ. ఆ ఉత్తరం మీద మీ సంతకం కూడా ఉంది."

ఆమె ఎత్తిపొడవడానికి అనలేదు. ఉన్నదే చెప్పింది.

ఒక్కో పక్షానికి గంట సమయం. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ముప్ఫయ్యో పేరు దాటి ఎప్పుడూ పిలవలేదు. ముప్ఫై ఎనిమిదో పేరును పిలవరు.

"రాసివ్వండి. దస్త్రంలో పెడతాను," అంది వెర్నా.

"ఎవరు చదువుతారు?"

ఆమె కవరు అంటించింది. తర్వాత అంది: "ఒక్కటే దారి. అదే జాబితాలో ముందున్న వాళ్ళెవరైనా తమ వంతు మీకు వదులుకోవచ్చు. వదులుకున్నవాళ్ళు ఇక మాట్లాడ్డానికి లేదు. వాళ్ళు మైకు ముందుకొచ్చి స్వయంగా చెప్పాలి."

ఎర్ర జాబితాలో ముందున్న ముప్ఫై ఏడుగురిలో ఓరిన్‌కు పేరు తెలియని వాళ్ళు అయిదుగురో ఆరుగురో ఉంటారు.

*

బిల్లు రెండు పేజీలే. పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ ఈ రాష్ట్రంలో అమ్మకూడదు, కొనకూడదు. మ్యాగజైన్ అంటే తుపాకీ కింద బిగించే తూటాల పెట్టె. అది ఖాళీ అయితే ఊడదీసి ఇంకొకటి బిగించాలి. బిల్లు తెచ్చినవాళ్ళు చెప్పేది ఒక్కటే. పెట్టె చిన్నదైతే కాల్చేవాడు ఎక్కువసార్లు ఆగాలి. ఆగినప్పుడల్లా జనం పారిపోవచ్చు.

ఇలాంటి బిల్లే పదకొండేళ్ళ కిందట వచ్చింది. అప్పుడు ఓరిన్ ఇదే గదిలో, ఇదే మైకు ముందు నిలబడి, ఖాళీ తుపాకీకి ఖాళీ మ్యాగజైన్ ఊడదీసి ఇంకొకటి బిగించి చూపించాడు. కమిటీ సభ్యుడొకాయన గడియారం పట్టాడు. ఒకటీ దశాంశం ఎనిమిది సెకన్లు. "రెండు సెకన్లలో ఎవరు పారిపోతారండీ?" అని అడిగాడు ఓరిన్. గది నవ్వింది. ఆ వారమే బిల్లు వీగిపోయింది. అప్పటి నుంచి సంఘంలో అతని పేరు రెండు సెకన్ల ఓరిన్.

కిందటి అక్టోబరులో ఓట్స్ ఫెర్రీ టౌన్ హాల్లో, గ్రంథాలయం వాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతున్న రోజున, ఒక మనిషి రైఫిల్‌తో లోపలికి వచ్చాడు. ఆరుగురు చనిపోయారు. పిల్లల పుస్తకాల బల్ల దగ్గర నిలబడిన కొరీన్ ఆ ఆరుగురిలో ఒకతె. ఓరిన్‌కీ భార్య మార్లిస్‌కీ ఒక్కతే కూతురు. ముప్ఫై నాలుగేళ్ళు. వెనక తలుపు ఆమెకు అయిదడుగుల దూరంలో ఉంది.

కాల్చినవాడి పేరు ఊళ్ళో ఎవరూ పలకరు. 'అతను' అంటారు, అంతే.

జనవరిలో దర్యాప్తు నివేదిక వచ్చింది. బల్ల కింద దాక్కున్న ఒకామె ఫోనులో శబ్దమంతా రికార్డయింది. దాన్నిబట్టి తూటాలకు వరసగా సంఖ్యలిచ్చారు. ఏ తూటా ఎవరికి తగిలిందో అరవై ఒకటో పేజీలో ఉంది. మార్లిస్ ముందు చదివింది. చదివి, వంటింట్లో బల్ల మీద ఆ పేజీ తెరిచి పెట్టి, ఓరిన్‌ను పిలిచింది.

"ముప్ఫై తూటాల తర్వాత ఆగాడట. రెండో పెట్టె బిగించడానికి తొమ్మిది సెకన్లు పట్టిందట. ఒకసారి చేతిలోంచి జారిందట. ఆ తొమ్మిది సెకన్లలో ఏడుగురు వెనక తలుపులోంచి బయటపడ్డారట," అంది. తర్వాత తలెత్తింది. "నువ్వు రెండన్నావు కదా, ఓరిన్."

"అన్నాను."

"వెళ్ళి చెప్పు వాళ్ళకి. రెండు కాదని చెప్పు."

చెప్తానని మాటిచ్చాడు. ఆమెకు చెప్పనిది ఇంకొకటి ఉంది.

టౌన్ హాల్లో కాల్చిన అతను ఆగస్టులో ఓరిన్ తుపాకుల కొట్టుకు వచ్చాడు. పదిహేను తూటాల మ్యాగజైన్లు రెండు కావాలన్నాడు. "పదిహేనెందుకు? ముప్ఫైది తీసుకో. మాటిమాటికీ మార్చే బాధ ఉండదు," అన్నాడు ఓరిన్. ముప్ఫై ఒక్కేళ్ళుగా కొట్టుకు వచ్చిన ప్రతివాడితోనూ అన్న మాటే అది. ఆ ప్రాంతపు పోలీసు అధికారి షెరీఫ్ వచ్చి అమ్మకం కాగితాలన్నీ చూశాడు. అన్నీ చట్టప్రకారమే ఉన్నాయి. కాగితాలు కాక ఇంకేం జరిగిందని ఆయన అడగలేదు.

కొరీన్‌కు తగిలింది ఇరవై మూడో తూటా.

ఓరిన్ కార్డు మీద రాసుకున్నది ఆ రెండు సంగతులే. మొదటిది తొమ్మిది సెకన్లు. రెండోది పదిహేను. ఇంట్లో మార్లిస్ కంప్యూటర్ ముందు కూర్చుని ఈ విచారణ చూస్తోంది. రెండోది ఆమెకు ముఖాముఖి చెప్పడానికి అయిదు నెలలుగా నోరు రాలేదు. ఇక్కడ చెబితే ఆమె వింటుంది. ఇదొక్కటే దారి అనుకుని బయల్దేరాడు.

*

మొదటి గంట అనుకూలురది. ఒక డాక్టరు మాట్లాడాడు, ఒక పాస్టరు మాట్లాడాడు. తర్వాత ఓట్స్ ఫెర్రీ బడి టీచరు ఎడేర్ మైకు ముందుకొచ్చింది. చేతిలో కాగితం ఉంది.

"ఆ ఆటోమేటిక్ తుపాకీకి అంత పెద్ద క్లిప్పు..." అని మొదలుపెట్టింది.

వెనక వరసల్లో నవ్వు వినిపించింది.

"ఆటోమేటిక్ కాదమ్మా, సెమీ!" అని ఎవరో అరిచారు. "నొక్కినన్నిసార్లే పేలుతుంది!"

"క్లిప్పులు జడకి పెట్టుకుంటారు టీచరమ్మా! దాన్ని మ్యాగజైన్ అంటారు!"

నవ్వు పెద్దదైంది. కమిటీ అధ్యక్షుడు హాలెట్ సుత్తితో బల్ల మీద కొట్టాడు. టీచరు మిగతా కాగితం చదివింది గాని ఏం చదివిందో వినపడలేదు.

జడ క్లిప్పు మాట మొదట అన్నది ఓరినే. పద్నాలుగేళ్ళ కిందట, ఈ గదిలోనే.

అతను డెల్ మోచెయ్యి తట్టి బయటికి రమ్మన్నాడు. వసారాలో కాఫీ యంత్రం పక్కన నిలబడ్డారు.

"నీదెంత?"

"తొమ్మిది. ఎందుకూ?"

"నాకివ్వు."

డెల్ నవ్వాడు. "అడగాలా ఏంట్రా? నాకన్నా నువ్వే బాగా చెప్తావు. మా ఆవిడ చేత మూడుసార్లు చదివించుకున్నా, ఇంకా నత్తి పోలేదు." కోటు జేబులోంచి కాగితం తీసి మడత పెట్టబోయాడు.

ఇక్కడ ఊరుకుంటే వంతు దక్కేది. ఓరిన్ ఊరుకోలేదు.

"డెల్, విను. నేను బిల్లుకి వ్యతిరేకంగా మాట్లాడను. పొరపాటున ఎర్రదాంట్లో పెట్టాను. పచ్చదాని కోసం వచ్చాను."

డెల్ చేతిలో కాగితం అలాగే ఉంది.

"ఏం చెప్తావు?"

"రెండు సెకన్లు అబద్ధమని చెప్తాను. అతనికి తొమ్మిది పట్టింది. ఏడుగురు బతికారు ఆ తొమ్మిదిలో."

"నివేదిక నేనూ చదివా. అయితే? తొమ్మిదవనీ తొంభై అవనీ. వాడి పాపానికి నా చేతిలోది లాక్కుంటారంట్రా? నేనేం చేశాను? నువ్వేం చేశావు?"

ఓరిన్ కాఫీ యంత్రం వైపు చూశాడు.

"చెప్పు. మనమేం చేశాం?"

"నీ వంతు ఇస్తావా ఇవ్వవా?"

"కొరీన్‌కి బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రిని నేను," అన్నాడు డెల్. "ఆ పిల్లకి ట్రాక్టరు నేర్పింది నేను. శవపేటిక మోశాను. అదంతా అయ్యాక, నువ్వు నన్నీ మాట అడగకూడదురా. నన్ను అక్కడ నిలబెట్టి, ఇంతమంది ముందర, నా నోటితో ఇప్పించుకుంటావా? రేపు సంఘంలో నా మొహం ఎవడు చూస్తాడు?"

"నాకింకెవరున్నారు అడగడానికి?"

"నన్ను మాత్రం అడక్కు." కాగితం జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మూడో వరసలోకి రాలేదు. ముందు వరసలో అటు చివర కూర్చున్నాడు.

ఓరిన్ ఇంకో ముగ్గుర్ని అడిగాడు. నాలుగో నంబరు వాడు, "నీకు పిచ్చి పట్టలేదు కదా?" అన్నాడు. ఇరవయ్యో నంబరు వాడు భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికెళ్ళి పడుకో ఓరిన్," అన్నాడు. పదమూడో నంబరు ఆమె ఏడ్చింది గాని ఇవ్వలేదు. అధ్యక్షుడు హాలెట్ మంచినీళ్ళ కోసం లేచినప్పుడు ఆయన్నీ అడిగాడు.

"మీ బాధ నాకు అర్థమవుతుంది, లుండీన్ గారూ," అన్నాడు హాలెట్. "ఇవాళ మీకోసం నియమం పక్కన పెడితే, రేపు ఇంకొకరి కోసం ఎందుకు పెట్టలేదని మీవాళ్ళే అడుగుతారు. మీవాళ్ళు ఊరుకోరని నాకన్నా మీకే బాగా తెలుసు."

*

రెండో గంట మొదలైంది. మూడో నంబరు నోలా బ్రాంట్. ఓట్స్ ఫెర్రీకి ఉత్తరాన ఒంటరిగా పశువుల్ని పెంచుతుంది. కాగితం లేకుండా మాట్లాడింది.

"షెరీఫ్ మా ఇంటికి రావడానికి యాభై నిమిషాలు పడుతుంది, రోడ్డు బాగుంటే. పోయినేడు మా కొట్టం దగ్గరికి ముగ్గురొచ్చారు. నేనొక్కదాన్ని. చీకట్లో నా చేతులు వణికాయి. మ్యాగజైన్ మార్చాల్సొస్తే నేను మార్చలేను. పది చాలని మీరెలా లెక్కేశారు? ఆ ముగ్గురూ మీ చట్టం చదివి పది పెట్టుకునే వస్తారా?"

గది చప్పట్లు కొట్టింది. ఓరిన్ చేతులు కూడా లేచాయి. అతను వాటిని మోకాళ్ళ మీదికి దించుకున్నాడు. ఆమె చెప్పింది నిజమే. చేతులు వణికితే మార్చడం ఆమె వల్ల కాదు. టౌన్ హాల్లో అతని చేతులూ వణికాయి, తొమ్మిది సెకన్లు పట్టింది. రెండూ ఒకే సంగతి. అది చెప్పడానికి కూడా తనకు మైకు కావాలి.

ఎనిమిదో నంబరు సంఘం న్యాయవాది గాల్ట్. రాజధానిలోనే ఉంటాడు. ఆయన గోడ మీది తెర చూపించి, "రెండు నిమిషాలూ నేను మాట్లాడను. నాకన్నా అనుభవమున్న మనిషి మాట్లాడతాడు," అన్నాడు.

తెర మీద ఓరిన్ కనిపించాడు. పదకొండేళ్ళ కిందటి ఓరిన్. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. మ్యాగజైన్ ఊడదీశాడు, బిగించాడు. "రెండు సెకన్లలో ఎవరు పారిపోతారండీ?" గది నవ్వింది. తెర మీది ఆ నవ్వుతో పాటు ఇప్పుడూ కొందరు నవ్వారు.

"ఈయన తర్వాత ఏం కోల్పోయారో మీ అందరికీ తెలుసు," అన్నాడు గాల్ట్. "కన్న కూతుర్ని పోగొట్టుకున్నారు. కొరీన్ లుండీన్. అయినా ఇవాళ ఈయన ఏ జాబితాలో సంతకం చేశారో చూడండి. మాదాంట్లో. ముప్ఫై ఎనిమిదో పేరు. ఆ తండ్రే ఈ బిల్లు వద్దంటుంటే, ఇంకెవరి కోసం తెస్తున్నారు?"

అందరూ వెనక్కి తిరిగి ఓరిన్‌ను చూశారు. పచ్చ జాబితా వైపు కూర్చున్న టీచరు ఎడేర్ కూడా చూసింది. ఆమె వెంటనే తల తిప్పేసుకుంది.

ఓరిన్ లేచి నిలబడ్డాడు. "అది పొరపాటు," అన్నాడు. "నేను..."

సుత్తి మోగింది. "మిమ్మల్ని పిలవలేదు. కూర్చోండి."

"అధ్యక్షా, ఒక్క మాట..."

"లుండీన్ గారూ, కూర్చోకపోతే బయటికి పంపాల్సొస్తుంది."

గుమ్మం దగ్గరి కాపలా మనిషి రెండడుగులు ముందుకు వేశాడు. ఓరిన్ కూర్చున్నాడు. జేబులో ఫోను కదిలింది. మార్లిస్ దగ్గర్నుంచి సందేశం.

*ఎర్రదాంట్లో పెట్టావా?*

అతను సమాధానం రాయడం మొదలుపెట్టి, ఆపేశాడు.

"తొమ్మిది. డెల్బర్ట్ స్ట్రౌడ్," అని పిలిచాడు అధ్యక్షుడు.

డెల్ వెళ్ళి మైకు ముందు కూర్చున్నాడు. కాగితం తీసి బల్ల మీద పరిచాడు. సమయం మొదలైందని పచ్చ దీపం వెలిగింది. అతను చదవలేదు. గాల్ట్ కూర్చున్న వైపు చూశాడు.

"ఆ పిల్ల పేరు నువ్వెత్తాల్సింది కాదయ్యా," అన్నాడు.

"స్ట్రౌడ్ గారూ, కమిటీతో మాట్లాడండి."

"కమిటీతోనే చెప్తున్నా." కాగితం నాలుగు మడతలు పెట్టాడు. "నేను ఈ బిల్లుకి వ్యతిరేకిని. ఇప్పుడూ వ్యతిరేకినే. అది రాసుకోండి. నా వంతు ముప్ఫై ఎనిమిదికి ఇస్తున్నాను."

లేచి వచ్చేటప్పుడు ఓరిన్ వైపు చూడలేదు.

*

పచ్చ దీపం మళ్ళీ వెలిగింది.

"నా పేరు ఓరిన్ లుండీన్. ఊరు ఓట్స్ ఫెర్రీ. ఇందాక తెర మీద చూసింది నన్నే. ఈ జాబితాలో నా సంతకం పొరపాటున పడింది. నేను ఈ బిల్లు కావాలంటున్నాను."

వెనక గోల మొదలైంది. "దిగు కిందికి!" అన్నారెవరో. "వంతు దొంగిలించాడు!" అన్నారింకెవరో. హాలెట్ సుత్తి మోగించాడు, మళ్ళీ మోగించాడు. గోల తగ్గేసరికి బల్ల మీది గడియారంలో ఒక నిమిషం ముప్ఫై ఒక్క సెకన్లే మిగిలాయి. అధ్యక్షుడు దాన్ని ఆపలేదు.

ఇంట్లో గరాజులో ఓరిన్ పదిసార్లు సాధన చేశాడు. ప్రతిసారీ నూట పద్నాలుగు సెకన్లలో అయిపోయింది. గరాజులో గోల లేదు.

"పదకొండేళ్ళ కిందట చూపించినప్పుడు నా మ్యాగజైన్లు ఖాళీవి," అన్నాడు. "ముందు రోజు నలభైసార్లు సాధన చేశాను. ఎదురుగా ఎవరూ ఏడవలేదు, ఎవరూ పరుగెత్తలేదు. దాన్ని నేను మీకు నిజమని చూపించాను. టౌన్ హాల్లో అతనికి తొమ్మిది సెకన్లు పట్టింది. తొమ్మిదంటే ఎంతో చూడండి."

జేబులోంచి సెకన్లు కొలిచే గడియారం తీసి నొక్కాడు.

ఒక సభ్యురాలు కాగితాల మీంచి తలెత్తింది. నాలుగో సెకనులో ఎవరో దగ్గారు. అయిదో సెకనులో ఒక సభ్యుడు తల తిప్పి, తన వెనకున్న తలుపు ఎంత దూరముందో చూశాడు.

"మీ సమయం నడుస్తోంది, లుండీన్ గారూ," అన్నాడు హాలెట్.

ఓరిన్ తలూపాడు. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

"ఈ లోపల ఏడుగురు బయటపడ్డారు," అన్నాడు. సమయం అయిపోవస్తోందని పసుపు దీపం వెలిగింది. కార్డు చూసుకున్నాడు. అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కున్నాడు. కార్డు తిరగేసి పట్టుకున్నాడని తెలిసి సరిచేసుకున్నాడు. "ఇంకొకటుంది. మా అమ్మాయికి తగిలింది ఇరవై మూడోది. అతని పెట్టెలో ముప్ఫై ఉన్నాయి కాబట్టి ఆగకుండానే ఇరవై మూడోది వచ్చింది. ఆగస్టులో అతను నా కొట్టుకొచ్చి ముప్ఫై అడగలేదు. పదిహేను అడిగాడు. నేనే..."

ఎర్ర దీపం వెలిగింది. మైకు ఆగిపోయింది.

ఓరిన్ ఆగలేదు. మిగతా వాక్యం పూర్తిచేశాడు. అతని గొంతు సహజంగా చిన్నది. పక్క బల్ల దగ్గర కూర్చున్న వెర్నాకు వినపడింది, ముందు వరస చివర కూర్చున్న డెల్‌కు వినపడింది. వెర్నా వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. ఎర్ర దీపం తర్వాతి మాట దస్త్రంలోకి ఎక్కించకూడదు. ఆమె ఎక్కించలేదు.

"కృతజ్ఞతలు. పది," అన్నాడు హాలెట్. "పదో నంబరు."

*

వసారాలో బెంచీ మీద డెల్ కూర్చుని ఉన్నాడు. టోపీ మోకాలి మీద ఉంది.

"తొమ్మిది సెకన్లని చెప్పావు నాకు," అన్నాడు. "ముప్ఫై సంగతి చెప్పలేదు."

"చెప్పలేదు."

"ఇందాక మనమేం చేశామని అడిగా నిన్ను. ఊరుకున్నావు." డెల్ టోపీ అంచు చుట్టూ వేలు తిప్పాడు. "నా తుపాకీకి ఉన్న ముప్ఫైది కూడా నీ దగ్గర కొన్నదే. అదే మాటన్నావు. మార్చే బాధ ఉండదని."

"అందరితోనూ అన్నాను."

"మార్లిస్‌కి తెలుసా?"

ఓరిన్ తల అడ్డంగా ఊపాడు. డెల్ లేచాడు. బయటి తలుపు వైపు నడిచాడు. తలుపు దగ్గర ఆగి, "కనుమ మధ్యాన్నం మూసేస్తారట. పెందలాడే బయల్దేరు," అని వెళ్ళిపోయాడు.

ఆ బిల్లు సాయంత్రం నాలుగింటికి ఓటింగుకు వచ్చి, అనుకూలంగా అయిదు, వ్యతిరేకంగా ఆరు ఓట్లు పడి కమిటీలోనే ఆగిపోయింది. కమిటీ నివేదికలో అనుకూలురు ఇరవై ఆరుగురు, వ్యతిరేకులు నలభై మంది. నలభై మందిలో ముప్ఫై ఎనిమిదో పేరు లుండీన్, ఓరిన్. ఇవన్నీ అతనికి మర్నాడు తెలిశాయి. ఇప్పుడు అతని చేతిలో ఫోను మోగుతోంది.

"ఓరిన్."

"ఆఁ."

"పొరపాటున పెట్టానన్నావు. విన్నాను. తొమ్మిది చూపించావు. అదీ చూశాను." మార్లిస్ గొంతు మామూలుగా ఉంది. "తర్వాత మైకు పోయింది. నీ నోరు కదులుతోంది, మాట రావట్లేదు. పదిహేను అడిగాడన్నావు."

"అవును."

"నేనే అన్నావు. నేనే, ఏంటి?"

అతను గోడ వైపు తిరిగాడు. "ఇంటికొస్తున్నాను. వచ్చాక చెప్తాను."

"మూడు గంటలు ఆగలేను నేను. ఇప్పుడు చెప్పు."

కాఫీ యంత్రం దగ్గర ఇద్దరు నవ్వుకుంటున్నారు. వాళ్ళు కప్పులు తీసుకుని వెళ్ళేదాకా ఓరిన్ ఆగాడు.

"పదిహేనెందుకు, ముప్ఫైది తీసుకో అన్నాను. మాటిమాటికీ మార్చే బాధ ఉండదన్నాను."

ఓరిన్ ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"మార్లిస్."

"అదే మాటా? అలాగే అన్నావా?"

"అలాగే."

"అతనేమన్నాడు?"

"థాంక్స్ అన్నాడు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. కుర్చీ జరిగింది. అడుగులు అటు వెళ్ళి, ఇటు వచ్చాయి. ఆమె ఫోను పెట్టేయలేదు. కాగితాలు తిప్పుతున్న శబ్దం వచ్చింది. చాలా కాగితాలు. తర్వాత ఆగింది. ఆ అరవై ఒకటో పేజీ ఎక్కడుంటుందో ఓరిన్‌కు తెలుసు.

"నాలుగు, పదకొండు," అంది మార్లిస్. అతనితో అనడం లేదు. "ఇవి పదిహేనుకి ముందువి."

"మార్లిస్, పెట్టెయ్. నేను వస్తున్నాను."

"పదిహేడు. వాల్ట్ టీగ్."

అతను గోడకు నుదురు ఆనించాడు.

"ఇరవై మూడు," అంది. ఆ పేరు చదవలేదు. కాగితం మీద వేలు జరిగిన శబ్దం వచ్చింది.

"ఇరవై ఆరు. ఐరిస్ బోయిల్."